ఎవరికీ ఆగని జీపు

హారన్ మోగింది. ఓబులమ్మ గొర్రెలు దారి మధ్యనే నిలబడ్డాయి. వాటి ముందు ఓబులమ్మ కూడా.

అది పెద్దింటి విష్ణువర్ధన్ జీపు. ఎవరికీ ఆగదు. ఆ హారన్ వినబడితే ముదిగుబ్బ దారిలో ఎంతటివాడైనా కంపచెట్లలోకి దూకాల్సిందే. కిందటేడు ఆమె మొగుడు బయ్యన్న అలా దూకే కాలు విరగ్గొట్టుకున్నాడు. "అంత పెద్దోళ్లు మనకు ఆగుతారా?" అంటూ మంచంలోంచే ఆ జీపుకు దండం పెట్టాడు.

ఓబులమ్మ కదలలేదు. జీపు కీచుమంటూ ఆమె కొంగు తగిలేంత దగ్గర ఆగింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆరిపోయింది.

"సావాలని ఉండాదామ్మే? ఇది ఎవురి జీపో తెలీదా?"

"నాకు తెలుసప్పా. గొర్రెలకే తెలీదు."

విష్ణువర్ధన్ పళ్లు కొరుకుతూ తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టిక్కే. మీసం మీద చెమట పట్టింది.

"బ్యాటరీ పోయి శానా దినాలయింది," అని గొణిగాడు. "ఒగసారి ఆపితే మళ్లా లేయదు."

ఓబులమ్మ నోరు తెరిచి జీపు వైపు చూసింది.

"అందుకా ఎవురికీ ఆపవు! మేము నీ దర్జా అనుకుంటిమే. మా ఇంటాయన కాలు ఇరిగింది దీనికా?"

"ఊర్లో చెప్పొద్దు. రోంత తొయ్యమ్మా."

ఆ నోట 'అమ్మా' అనే మాట ఆమె వినడం ఇదే మొదలు. కొంగు నడుముకు చెక్కుకుని, అతని వైపు తలుపు లాగింది.

"నువ్వు దిగి తొయ్యి. నేను కూసుంటా."

"జీపు తోలేది వస్తాదా నీకు?"

"ఆపేది వస్తాదప్పా. ఇప్పుడే చూసినావు కదా."