రెండో లేవి

"నేను ఆస్పత్రిలో లేనప్పా! రాయచోటిలో, నా అంగట్లోనే ఉండా. రాయిలాగుండా!"

పొద్దుటి నుంచి ఫోనులో అదే మాట చెప్పి చెప్పి లేవి గొంతు బొంగురుపోయింది. ఎవడో మహానుభావుడు ఫేస్‌బుక్‌లో అతని ఫోటో, అతని పేరు పెట్టుకుని రెండో లేవి అవతారం ఎత్తాడు. "ఆస్పత్రిలో ఉన్నాను, అర్జెంటుగా డబ్బు పంపండి" అని తెలిసినవాళ్లందరికీ మెసేజులు పెడుతున్నాడు.

లేవి పెయింట్ల అంగడికి తాళం వేసి పోలీసు స్టేషనుకు పరుగెత్తాడు. కానిస్టేబుల్ మధులత ఫిర్యాదు రాసుకుని, దొంగ ఖాతా మీద రిపోర్టు కొట్టించి, అసలు ఖాతాకు పాస్‌వర్డు మార్పించింది.

"ఇంక మీవాళ్లందరికీ చెప్పన్నా. ఇట్లాంటి వాటికి సొంతవాళ్లే ముందు మోసపోయేది."

లేవి అక్కడే కూర్చుని సొంతూరి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "నా పేరుతో మెసేజ్ వస్తే నమ్మొద్దు. నేను బాగున్నాను."

మరుక్షణం ఆమేన్లు కురిశాయి. ఆ గ్రూపు అలవాటే అంత. పెళ్లికైనా, కరెంటు కోతకైనా చదవకుండా ఆమేన్ కొట్టేస్తారు.

"ఒక్కరన్నా చదివినారా అన్నా?" మధులత నవ్వింది.

పేరు బదులు సిలువ బొమ్మ పెట్టుకున్న నంబరొకటి మాత్రం "చదివినా. జాగ్రత్త" అని రాసింది.

"ఎవరో గానీ పుణ్యాత్ముడు" అన్నాడు లేవి.

ఇంటికి రాగానే భార్య రత్నమణి అడిగిన మొదటి మాట, "హెన్రీకి చెప్పినావా?"

హెన్రీ అతని తమ్ముడు. మంగంపేట గనుల్లో పని. రెండేళ్ల కిందట, అమ్మ సమాధి రాయి మీద ఎవరి పేరు ముందు చెక్కించాలన్న దగ్గర మాట తేడా వచ్చి ఇద్దరికీ పలుకుల్లేవు. కోపంలో లేవి ఫోనులోంచి తమ్ముడి నంబరు కూడా తీసేశాడు. మళ్లీ సంపాదించడం కష్టమేమీ కాదు. ఎవరినైనా అడగాలంటే నామోషీ.

"వాడా, నాకు దుడ్డు పంపేది!" అన్నాడు గానీ కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. ఒకవేళ పంపితే? అప్పు చేసి మరీ పంపితే?

మరునాడు పొద్దున్నే గుమ్మంలో హెన్రీ. ఒక చేతిలో నాటుకోడి, ఇంకో చేతిలో రాగిపిండి సంచి.

"వందనాలు వదినా. అన్న ఆస్పత్రిలో ఉండాడని మెసేజ్ వచ్చింది."

అది మోసమని చెబితే వచ్చిన కాళ్లతోనే తిరిగిపోతాడు. లేవి గబుక్కున పొట్ట పట్టుకున్నాడు.

"నిన్ననే ఇంటికి పంపించినార్రా. కడుపునొప్పి. నువ్వు దుడ్డేమన్నా పంపినావా?"

"దుడ్డు యాడ పంపేది? నేనే వచ్చినా కదన్నా."

రెండేళ్ల తర్వాత ఆ గొంతులో 'అన్నా' అని వినేసరికి లేవికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి వల్లనే అన్నట్టు మూలిగాడు. రత్నమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

మధ్యాహ్నం సంకటి, కోడి పులుసు. "నాకు గంజి చాల్లే" అన్నాడు లేవి దీనంగా.

"తినన్నా, ఏంగాదు" అని హెన్రీ కాలుముక్క తీసి అన్న పళ్లెంలో వేశాడు. ఆ కడుపునొప్పికి మూడు ముద్దలు పట్టాయి.

చేతులు కడుక్కుంటూ లేవి అన్నాడు. "రాయి మీద నీ పేరే ముందు చెక్కిద్దాంలేరా."

"వద్దు, నీదే."

"నీదే అంటాండా కదరా!"

"ఇంకో రెండేళ్లకు మొదలుపెడతాండారా ఏంది?" అంది రత్నమణి. ముగ్గురూ పగలబడి నవ్వారు.

బస్టాండులో లేవి నసిగాడు. "నీ నంబరు యాడనో పోయిందిరా."

హెన్రీ మిస్డ్ కాల్ ఇచ్చి బస్సెక్కాడు. లేవి నంబరు దాచుకుని, ఆ రెండో లేవికి మనసులోనే ఒక వందనం పెట్టాడు. వాడి పుణ్యాన, అసలు సంగతి తెలియక తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

బస్సు మలుపు తిరిగాక, అంతా సర్దుకుందని రాద్దామని చర్చి గ్రూపు తెరిచాడు. నిన్నటి ఆమేన్లన్నీ అలాగే ఉన్నాయి. సిలువ బొమ్మ మాత్రం కనబడలేదు.

"చదివినా. జాగ్రత్త" అన్న మాట పైన హెన్రీ పేరుంది.