ఊడదీయని తలలు

ఆట ముగిశాక తోలుబొమ్మల తలలు ఊడదీసి విడిగా దాచాలి. లేకపోతే రాత్రి లేచి తిరుగుతాయని చైనాలోని మా హువాజౌలో అందరూ నమ్ముతారు. ఆ రోజు చలికి బద్ధకించి, తలలతోనే పెట్టెలో పడేసి వచ్చాను.

"తలలు తీశావా, నూడుల్స్ ధ్యాసలో పరిగెత్తుకొచ్చావా?" అంది నా భార్య రుయ్‌ఫాంగ్.

"పోతున్నాలేవే, నస పెట్టకు," అని దీపం పట్టుకుని ఆట కొట్టానికి వెళ్ళాను.

లోపల చడీచప్పుడూ లేదు. తాళం తీసి పెట్టె తెరిచాను. తలలన్నీ అప్పటికే ఊడదీసి, గుడ్డ మడతల్లో వరసగా పేర్చి ఉన్నాయి. తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉంటుంది.

"ఎవరదీ?" అన్నాను.

ఎక్కడో ఎండుతోలు గరగరమంది. దీపం నా వెనక బల్ల మీద పెట్టి తెర వైపు తిరిగాను. నా నీడ పడింది. భుజాల వరకే ఉంది. ఆ పైన అంతా తెల్లటి తెర.