సైట్ల ఉన్నదంతా నిజమే

“ఇది అబద్ధం. ఇదీ అబద్ధమే. గీ బిల్డింగ్ సూడు అక్కా, గిసోంటిది మన బోధన్ల ఏడన్న ఉన్నదా?”

వెంకటి కంప్యూటర్ తెర మీద వేలితో టకటకా కొట్టాడు. బస్టాండు ఎదుట చిన్న నెట్ సెంటర్ అతనిది. పొద్దున్నే మాక్లూర్ నుంచి బస్సులో వచ్చిన రేణుకమ్మ స్టూలు అంచున కూర్చుని కళ్లార్పకుండా చూస్తోంది. ఆమెకు చదువు రాదు. శుభయాన ట్యాక్సీ కంపెనీ వాళ్లు కంప్యూటర్లో ఏం పెట్టారో చదివి చెప్పమని వచ్చింది.

“అద్దాల ఆఫీసంట! వాళ్ల ఆఫీసు నాకెర్క లేదా? సైకిల్ దుకాణం పక్కన రేకుల గది. ఇన్నోవాలు వరుసగ నిలబెట్టిండు. నంబర్లు సూస్తే ఢిల్లీ బండ్లు. ‘మా కస్టమర్లు’ అని రాసిండు, కింద అందరు తెల్లదొరలే. బోధన్ల దొరలు ట్యాక్సీ ఎక్కిండ్రంట!”

వెంకటి కోపానికి కారణముంది. చెల్లెలి పెళ్లికి ఈ సైటు చూసే ఏసీ బండి మాట్లాడాడు. వచ్చింది మాత్రం తలుపుకు తాడు కట్టిన పాత అంబాసిడర్. పెళ్లికూతురు చెమటతో తడిసి మండపానికి చేరింది.

“వీళ్ల బండి నీకెందుకక్కా? నిజామాబాద్‌ల మంచి బండ్లు మస్తున్నయి.”

“నాకు బండి సంగతి కాదు తమ్మీ. డ్రైవర్ సంగతి తెలువాలె.”

ఎదిగిన ఆడపిల్లను ఎక్కడికో ఒంటరిగా పంపాలేమో అనుకున్నాడు వెంకటి. అతని కోపం రెట్టింపైంది. ఇలాంటి అమాయకులనే కదా వీళ్లు ముంచేది.

చివరి పేజీ తెరిచాడు. ఖాకీ చొక్కాలు వేసుకున్న డ్రైవర్లు వరుసగా నిలబడి ఉన్నారు.

“గిదొక్కటి నిజమైనట్టున్నది. యెనుక మన చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనవడుతున్నది.”

రేణుకమ్మ ముందుకు వంగింది. “అయితే వీళ్లు ఆ కంపెనోళ్లేనా?”

“ఫొటో అయితే మనూరిదే. మనుషులు వాళ్లోళ్లో, కిరాయికి నిలబెట్టిండో, గా కంపెనీ సేటుకే ఎరుక.”

“అయితే సేటునే అడుగుదాం. ఇవన్ని కాయితాల మీదికి తియ్యి. నువ్వు గూడ రా తమ్మీ, నేనడిగితే జవాబియ్యరు.”

రేకుల గదిలో ఫ్యాన్ కింద రామ్‌దాస్ సేటు కూర్చుని ఉన్నాడు. ఎదురు బెంచీ మీద పెళ్లికి బండ్లు మాట్లాడడానికి వచ్చిన పెద్దమనుషులు ఉన్నారు. వెంకటి కాగితాలు టేబుల్ మీద పరిచి అందరికీ వినబడేలా అడిగాడు.

“సేటూ, గీ అద్దాల బిల్డింగ్ ఏడున్నది? జర సూపియ్యి.”

“కడుతున్నం,” అన్నాడు సేటు తడుముకోకుండా.

“ఢిల్లీ బండ్లు?”

“కొంటున్నం. సైటంటే గట్లనే ఉంటది తమ్మీ. నీకు బండి కావాల్నా, పంచాయితి కావాల్నా?”

“ఆడమనిషి నమ్మి వచ్చింది. పోయినేడు డిచ్‌పల్లి కాడ మీ బండి లారీ కిందికి పోయింది, డ్రైవర్ సచ్చిపోయిండు. అది గూడ సైట్ల రాయకపోయినవా?”

బెంచీ మీది వాళ్లు ముఖాలు చూసుకున్నారు. సేటు కుర్చీలోంచి లేచాడు.

“ఏయ్! వాడు మా డ్రైవర్ కాదు. దొంగ! తాళంచెవి కొట్టేసి బండి తీస్కపోయిండు. ఠాణాల కేసు గూడ వెట్టిన. వాడెవడో, వాని ఊరేదో, నాకేం ఎరుక? మా డ్రైవర్లు సైట్ల ఉన్నరు. అండ్ల ఉన్నోడే మావోడు!”

రేణుకమ్మ డ్రైవర్ల ఫొటో ఉన్న కాగితాన్ని మెల్లగా ముందుకు జరిపి, పొగగొట్టానికి సరిగ్గా ముందు నిలబడిన మనిషి మీద వేలు పెట్టింది.

“మరి గీయన?”

సేటు కళ్లజోడు సవరించుకున్నాడు. బెంచీ వైపు ఒకసారి చూశాడు.

“ఎర్రన్న. మొదటి బండి కొన్ననాటి సంది మా తాననే ఉన్నడు. బంగారమసోంటి మనిషి.”

“నాకు గీయననే కావాలె.”

“షిరిడీ ట్రిప్పుకు పోయిండమ్మా. రాంగనే పంపిస్త.”

“మీ డ్రైవరే అని దీని మీద రాసిస్తవా సేటూ? నేను సెప్తే ఎవ్వరు నమ్ముతలేరు.”

సేటు తటపటాయించాడు. వెంకటికి ఒళ్లు మండిపోయింది.

“సూసినవా అక్కా? గిదొక్కటన్న నిజమనుకున్న, గిదిగూడ అబద్ధమే. లే, పోదాం. మీరు గూడ లేవుండ్రి పెద్దమనిషీ, మీ పెండ్లి బండ్లకూ గిదే గతి.”

బెంచీ మీది పెద్దమనిషి నిజంగానే చెప్పులు తొడుక్కోబోయాడు. సేటు ముఖం ఎర్రబడింది.

“ఎవడ్రా అబద్ధమన్నది? తే గా కాయితం!”

ఫొటో పక్కనే ‘ఎర్రన్న మా కంపెనీ డ్రైవర్’ అని పెద్ద అక్షరాలతో రాసి, సంతకం చేసి, కంపెనీ ముద్ర గట్టిగా గుద్దాడు. పెద్దమనుషులకు ఎత్తి చూపించాడు కూడా. వెంకటి అదంతా చదివి వినిపించాడు. రేణుకమ్మ సిరా ఆరేదాకా చీర కొంగుతో విసిరింది. కాగితాన్ని నలగకుండా మడిచి, బిడ్డను పట్టుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుంది.

గెలిచానన్న సంతోషంతో సేటు బుకింగ్ పుస్తకం తెరిచాడు.

“ఇగ సెప్పమ్మా. ఎవరి పేరు మీద రాస్కోమంటవు?”

ఆమె కళ్లు అప్పుడు ఎర్రగా మండుతున్నాయి.

“డిచ్‌పల్లి కాడ సచ్చిపోయిన ఎర్రన్న పెండ్లామని రాస్కో.”