గుర్రం మీద పిల్ల

"నీ పేరు కొట్టేశారు. పక్కకి జరగమ్మా," అన్నాడు గుమాస్తా, జాబితా మీంచి తలెత్తకుండా.

ఎండలో నాలుగు గంటలు నిలబెట్టి, చివరికి చెప్పే మాట ఇదా? ఆమె జరగలేదు. మాస్కు కిందికి లాగబోయి, ఆయన కళ్లెర్రజేయడం చూసి మళ్లీ పైకి లాక్కుంది.

"ఎందుకు కొట్టేశారు సార్? కొండ మీద గుర్రపు సవారీతో బతికేవాళ్లం. రోగం వచ్చిందని టూరిస్టుల్ని ఆపేసి రెండు సీజన్లయింది. సర్కారు సాయం మాకు కాకపోతే ఇంకెవరికిస్తారు?"

"నిషేధం ఉండగా సవారీలు తిప్పినవాళ్లకి సాయం లేదు. అది రూలు."

"మేం తిప్పామా?" ఆమెకు ఒళ్లు మండిపోయింది. "దాణా లేక గుర్రం డొక్కలు లోపలికి పోయాయి. ఈ సాయం రాకపోతే ఇవాళ సాయంత్రం గుర్రాల వ్యాపారి వచ్చి దాన్ని తోలుకుపోతాడు. అదే పోయాక రేపు కొండ తెరిస్తే మాత్రం మాకేం ఒరుగుతుంది?"

వెనక వరసలో ఎవరో సణిగారు. "ఇలాంటివాళ్ల వల్లే మన నోట్లో మట్టి పడుతోంది."

గుమాస్తా విసుగ్గా ఫైలు తిప్పి ఒక ఫోటో చూపించాడు. "తనిఖీ రిపోర్టులోది. పోయిన వారం తీసింది. ఇది మీ గుర్రం కాదని చెప్పు చూద్దాం."

వాళ్ల గుర్రమే. కళ్లెం పట్టుకుని నడుస్తున్నది ఆమె మొగుడే. జీను మీద గులాబీ రంగు టోపీ పెట్టుకున్న పిల్ల ఒకతి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. అందరి ముందూ ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇంకో మాట లేకుండా విసవిసా బయటికి నడిచింది.

గేటు అవతల గోడ నీడన మొగుడు గుర్రాన్ని నిమురుతూ నిలబడ్డాడు.

"వచ్చిందా?" అన్నాడు ఆశగా.

"వచ్చింది, నా మొహం. రిపోర్టులో నీ ఫోటో చూపించి మన పేరు కొట్టేశారు. పోయిన వారం నువ్వు గుర్రం ఎక్కించిన పిల్ల ఎవరు?"

అతను గుర్రం వైపు తిరిగి జూలు సవరించసాగాడు.

"చెప్పవేం? నేను సంతకాల కోసం కాళ్లరిగేలా తిరుగుతుంటే, నువ్వేమో దొంగచాటుగా బేరాలు చేస్తున్నావా? ఎంత తీసుకున్నావు?"

"నీ మీద ఒట్టు, పైసా తీసుకోలేదే. ఊరికే ఒక్క రౌండు తిప్పాను. అసలే తిండి లేని గుర్రాన్ని తిప్పానని తెలిస్తే తిడతావని చెప్పలేదు."

"ఊరికే తిప్పడానికి ఆ పిల్ల నీకు చుట్టమా? కుదరదని చెప్పడానికి నోరు రాలేదా?"

"ఎలా చెప్పమంటావు?" అతను నేల చూపులు చూశాడు. "తనిఖీకొచ్చిన ఆఫీసరుగారి కూతురాయె. సాయం సంగతి నేను చూసుకుంటాలే అంటూ ఆ ఫోటో తీసింది కూడా ఆయనే."