స్పీకరు నిలవని గోడ

తుపానని సైటు పని ఆగిపోయింది. ఇంట్లో కూర్చున్న మా ఆయన పెంచలప్రసాద్‌కు హోం థియేటరు గుర్తొచ్చింది. అంత పెద్ద కాంట్రాక్టరయ్యుండి స్పీకర్లు బిగించడానికి మనిషిని పిలిస్తే పరువు పోదూ? తానే డ్రిల్లు పట్టుకుని స్టూలెక్కినాడు.

స్క్రూలు బిగించి, బ్రాకెట్టుకు స్పీకరు తగిలించి, నా వైపు గొప్పగా చూసినాడు. ఆ చూపు తిరగకముందే బ్రాకెట్టు, స్పీకరు, చేటెడు పెచ్చులు కలిసి కింద పడినాయి.

"పనికిమాలిన స్క్రూలు! అంగడోడు మోసం చేసినాడు," అని ఎగిరినాడు.

"ఆ పక్క గోడకు కొట్టండి," అన్నాను.

అదీ పిండిలా రాలింది. రాలక ఏం చేస్తుంది? మా పుట్టింటి పాళెంలో తుపాను షెల్టరు కట్టేటప్పుడు, ఏటి ఇసుకకు బిల్లు పెట్టి సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు ఇసుక తోలించినాడు. మిగిలిందాంతో ఈ ఇల్లు లేపినాడు, మహానుభావుడు.

"స్క్రూలు మార్చాల," అంటున్నాడు ఇంకా.

అంతలో మా చెల్లెలు ఫోను చేసింది.

"గాలి లేచిందక్కా. నువ్వేం భయపడబాక. పిల్లాజెల్లా అందరం బావ కట్టిన షెల్టర్లోకి వచ్చేసినాం."