అతుకు

"అతుకులేవండీ?"

ఫోనులో ప్రసన్న గారి గొంతు నెమ్మదిగానే ఉంది. ఆవిడ గట్టిగా అరిచినా బాగుండేదనిపించింది సుధీర్‌కి.

"చేత్తో అచ్చు వేస్తే, ఒక అచ్చు ఆగి ఇంకోటి మొదలయ్యే చోట సన్నగా అతుకు పడుతుంది కదా. హైదరాబాదులో మా షాపుకొచ్చేవాళ్ళు అది చూసే కొంటారు. మీ ఫోటోల్లో ఎంత వెతికినా కనపడలేదు. ఇది చేతి అచ్చు కాదు, స్క్రీన్ ప్రింటు. ఆర్డరు వద్దని భీమేశ్వరరావు గారికీ చెప్పేశాను."

సుధీర్ ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. బందరులో వాళ్ళ స్టూడియోకి ఫోటోలు తీసేది అతను, కంప్యూటర్లో వాటిని శుభ్రం చేసేది నిస్సీ.

"పెడన భీమేశ్వరరావు బాబాయ్ కలంకారీ గుడ్డల్లో ఏం చెరిపావు నువ్వు?"

"మడతలు, రంగు చుక్కలు. అంతే."

"అతుకులు?"

"ప్రభువు తోడు, ముట్టుకోలేదు."

"గుడివాడ పెళ్ళికూతురి పుట్టుమచ్చ కూడా ముట్టుకోలేదన్నావు. ఈ పిల్ల మా పిల్ల కాదని వాళ్ళ నాయనమ్మ ఆల్బం తిప్పి పంపింది."

నిస్సీ ముఖం చిన్నబోయింది. "అన్ని ఫోటోలు ఒక్కసారే చేశాను. కళ్ళు లాగేశాయి. ఏమో, అలవాటులో చేసేశానేమో."

ఒరిజినల్ చూద్దామంటే దగ్గర లేదు. ఆ పనికోసం విజయవాడ స్నేహితుడు శ్యామ్ సుందర్ దగ్గర మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా అడిగి తెచ్చాడు సుధీర్. దాని ఫోటో ఒక్కోటి ఎంత బరువంటే వీళ్ళ కంప్యూటరు మోయలేకపోయింది. చిన్న కాపీలు ఉంచుకుని, ఒరిజినల్స్ ఉన్న డిస్కుని కెమెరాతో పాటే తిరిగి ఇచ్చేశాడు.

ఫోటోలు తీసిన రోజు భీమేశ్వరరావు ఆ కెమెరాను వింతగా చూశాడు.

"ఇందులో పోగులు కూడా కనపడతాయా బాబూ?"

"లెక్కపెట్టుకోవచ్చు బాబాయ్."

"మరీ అంత దగ్గరకెళ్ళకండి. గుడ్డకి సిగ్గేస్తుంది."

అందరూ నవ్వారు. ఆయన భార్య వీరలక్ష్మి లోపలి గదిలోంచి తానులు తెచ్చి పరిచింది. రంగు ఇంకా పాకానికి రాలేదని, భీమేశ్వరరావు అచ్చును ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. గుడ్డల ఫోటోలు అద్దంలా వచ్చాయి. ఆయన చేతులవి మాత్రం ఒక్కటీ నిలవలేదు, అన్నీ చెదిరాయి. ఆ కెమెరాతో అదే బాధ, రవ్వంత కదలికను కూడా దాచదు. తనకింకా చెయ్యి తిరగలేదనుకుని సుధీర్ వాటిని పక్కన పడేశాడు.

ఇప్పుడు భార్యను బండి మీద ఎక్కించుకుని పెడన వెళ్తుంటే దారి పొడుగునా అతని చెవులు కాలాయి. మూడు తరాలుగా అచ్చు పట్టిన ఇల్లు. ఆ ఇంటిని ఊరూరా దొంగను చేశామే.

భీమేశ్వరరావు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. లేచి పలకరించలేదు.

"తప్పు మాది బాబాయ్," అన్నాడు సుధీర్. "అతుకులు మచ్చలనుకుని చెరిపేశాం. గుడ్డలొకసారి చూపిస్తే ఇప్పుడే ఫోనులో తీసి ఆవిడకి పంపిస్తాను."

"ఆ తానులు లేవు బాబూ. పామర్రు షాపాయన పట్టుకుపోయాడు."

"అయితే విజయవాడ నుంచి ఒరిజినల్స్ తెప్పిస్తాను. అందులో అతుకులు ఉంటాయిగా!"

"వద్దు. పోయిన ఆర్డరు పోయింది. మళ్ళీ ఆవిడ్ని కదపటం దేనికి? వదిలెయ్ బాబూ."

ఆయన ఒక్క మాటైనా తిట్టకపోవడంతో సుధీర్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. నిస్సీ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"ఆయన తప్పేం లేదండీ. చెరిపింది నేను. నన్ను తిట్టండి." మాట పూర్తికాకముందే ఏడ్చేసింది.

భీమేశ్వరరావు ఏదో అనబోయాడు. వీరలక్ష్మి ఆయన వైపు చూసింది.

"పోనీలేమ్మా," అన్నాడు చివరికి, గోడకేసి చూస్తూ. "చిన్నపిల్లవి."

ఆయన మజ్జిగ గ్లాసు నిస్సీకి అందించబోతే చేతిలోంచి సగం ఒలికింది. వీరలక్ష్మి చటుక్కున గ్లాసు అందుకుని, తనే నిస్సీకి ఇచ్చింది. బయలుదేరుతుంటే పెట్టెలోంచి ఒక జాకెట్టు గుడ్డ తెచ్చి నిస్సీ చేతిలో కుక్కింది.

"ఉంచుకో తల్లీ. పాతదే. ఆయన చేత్తో అద్దింది."

"తప్పు చేసినదానికి బహుమానమా అండీ?"

వీరలక్ష్మి లోపలికెళ్ళిపోయింది.

"అంత మంచివాళ్ళని ఎక్కడా చూడలేదు," అన్నాడు సుధీర్ తిరుగు దారిలో. వద్దన్నారని ఊరుకుంటే మనిషే కాననుకున్నాడు. బండి ఆపి శ్యామ్ సుందర్‌కి ఫోను చేశాడు.

మర్నాడు శ్యామ్ సుందర్ విజయవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన డిస్కు బందరు చేరింది. ఒక్క ఫైలు తెరవడానికే కంప్యూటరు చాలాసేపు తీసుకుంది.

"ఇందులో మన చెయ్యి పడలేదు. ఇది చూస్తే ప్రసన్న గారే ఆయనకి క్షమాపణ చెప్పుకుంటారు," అన్నాడు సుధీర్.

"అసలు అతుకంటే ఎలా ఉంటుంది?"

"నీ జాకెట్టు గుడ్డ తియ్యి."

నిస్సీ తెర పక్కనే గుడ్డ పరిచింది. పువ్వుకీ పువ్వుకీ మధ్య, ఎరుపు మీద ఎరుపు పడిన చోట, వెంట్రుకంత ముదురు గీత మామూలు కళ్ళకే కనిపించింది.

"ఇదిగో, ఇది. ఇప్పుడు అక్కడ చూడు."

సుధీర్ ఫోటోను పెద్దది చేశాడు. పోగు పోగూ విడివిడిగా తేలింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జరిపాడు. ఇంకో తాను ఫోటో తెరిచాడు. ఇంకోటి.

చివర్లో ఆయన చేతుల ఫోటో వచ్చింది: వెనక గోడ నిలకడగా ఉంది, చేతులొక్కటే చెదిరాయి. నిస్సీ జాకెట్టు గుడ్డను నెమ్మదిగా మడత పెట్టేసింది.

ఒరిజినల్లోనూ అతుకు లేదు.