పొట్టీ - బొద్దూ

జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి ఇంకోసారి లాగింది. రాలేదు. గౌను చేతులు వేళ్ళ కొసలు దాటి వేలాడుతున్నాయి. అంచు నేలమీద జీరాడుతోంది. పట్టాల్సిన చోట పట్టలేదు, అక్కర్లేని చోట జానెడు మిగిలింది.

ఆమెకప్పుడు పదిహేడేళ్ళు. నాలుగడుగుల పది అంగుళాల ఎత్తు. బొద్దు మనిషి. మేడమ్ కుట్టిన బట్ట ఒక్కటైనా వేసుకోవాలని చిన్నప్పటినుంచీ కోరిక. ఊళ్ళో ఆడవాళ్ళంతా మేడమ్ కొట్టు బట్టలంటే పడి చచ్చేవారు మరి.

ట్రయల్ రూమ్ తెర తొలగించుకుని బయటికొచ్చింది. కొట్టు నిండా జనం. మేడమ్ ఆమెను ఎగాదిగా చూసింది. మేడమ్ సన్నగా, పొడుగ్గా, అప్పుడే ఇస్త్రీ చేసినట్టుండే మనిషి.

"ఇంతకంటే పెద్దది ఉందా?" అని గొణిగింది ఆమె.

"పెద్దది వేస్తే ఇంకో జానెడు పొడుగొస్తుంది. నీ ఒంటికి గౌన్లు కుట్టరు. కర్టెన్లు కుట్టేవాళ్ళని అడుగు."

జనం గొల్లుమన్నారు.

"విప్పేసి వెనక గుమ్మంలోంచి వెళ్ళు. నా బట్టలు నీ ఒంటిమీద చూస్తే ఇంకెవరైనా కొంటారా?"

వెళ్ళింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

పసిపిల్లప్పుడే తల్లి వదిలేసి వెళ్తే ఆమెను పెంచిన మేనత్త ఇంట్లో పాత కుట్టుమిషనుంది. మేనత్తదీ ఆమె ఒడ్డూ పొడుగే. అత్త బట్టలన్నీ విప్పదీసి మళ్ళీ కుట్టడంతో మొదలుపెట్టింది. ఆర్నెల్లలో గుట్టు తెలిసిపోయింది. బట్టలు కోసేవాళ్ళ లెక్కలో మనిషి లావైతే చాలు, చేతులూ సాగుతాయి, భుజాలూ వెడల్పవుతాయి, నడుమూ కిందికి దిగుతుంది.

"లావైతే పొడుగు కూడా అవుతారని వీళ్ళకెవరు చెప్పారత్తా?"

"చెప్పినవాళ్ళు సన్నగా ఉండుంటార్లేవే," అంది మేనత్త.

భుజం ఇరుకు చేసింది. చంక పైకెత్తింది. నడుము రెండంగుళాలు పైకి జరిపింది. ఛాతీ దగ్గర వదులిచ్చింది. మేనత్త అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి, ఆ రోజంతా ఆ గౌను విప్పలేదు.

పదేళ్ళకు సొంత కొట్టు పెట్టింది. మేడమ్ కొట్టుకి సరిగ్గా ఎదురుగా.

"ఇన్ని వీధులుండగా అక్కడే ఎందుకే?"

"కంట్లో నలుసులా ఉండాలత్తా. ఎంత నలిపినా పోకూడదు."

బోర్డు మీద 'పొట్టీ - బొద్దూ' అని రాయించింది. మొదటి పదిరోజులూ ఒక్కరూ రాలేదు. ఆ బోర్డు కింద కనబడటానికి అందరికీ సిగ్గే. పదకొండోరోజు ఒక బ్యాంకు ఉద్యోగిని చుట్టూ చూసుకుని చటుక్కున దూరింది. వారం తర్వాత కొత్త చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుంది.

"గుండీలు నోళ్ళు తెరవలేదండీ!" అంటూ ఏడ్చేసింది.

ఆ తర్వాత తలుపు మూసింది లేదు. కాజాలు కుట్టడానికి ఒక పెద్దావిడను పెట్టుకుంది. ఆ కొట్లో ఒకటే నియమం: కొలతలు తెర వెనకే తియ్యాలి, చెవిలో చెప్పాలి.

చాలామంది మేడమ్ దగ్గర కొన్న ప్యాంట్లు, గౌన్లు తెచ్చి పొడుగు కోయించుకునేవారు. కోసిన ముక్కల్లో ఒక్కటీ పారెయ్యలేదు. మేడమ్ కొట్టు ముద్రలున్న ఆ అంచులన్నీ అతికి, నిలువెత్తు కర్టెన్ కుట్టి వీధివైపు కిటికీకి వేలాడదీసింది. మేడమ్ తన కుర్చీలోంచి తలెత్తితే అదే కనబడుతుంది.

మేడమ్ మనిషిని పంపింది. "ఆ తెర తీసెయ్యమన్నారు."

"కర్టెన్లు కుట్టేవాళ్ళం, ఇంకేం చేస్తామని చెప్పు."

ఆరేళ్ళకు ఎదురు కొట్టు మూతబడింది. గౌన్లు తొడిగే చివరి బొమ్మను లారీకి ఎక్కించేదాకా ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. కడుపు నిండినట్టనిపించింది. అయినా ఇంకేదో వెలితి.

అది తీరడానికి మరో నాలుగేళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం కొట్టు కిటకిటలాడుతుండగా కర్ర పట్టుకుని ఒక ముసలావిడ లోపలికొచ్చింది. జబ్బుకి వాడిన మందులతో ఒళ్ళంతా ఉబ్బింది. వెన్ను వంగి మనిషి కుదించుకుపోయింది. చొక్కా చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి.

మేడమ్!

"ఎక్కడా నాకు పట్టే బట్ట దొరకలేదు," అంది మేడమ్, నేల చూస్తూ. "ఒక్కటి కుట్టి పెడతావా?"

పొమ్మనడానికి ఒక్క మాట చాలు. అంత తేలిగ్గా వదలదలుచుకోలేదు. గంటసేపు నిలబెట్టింది. తర్వాత తెర వెనక్కి కాదు, కొట్టు నడిమధ్యకు రమ్మంది. టేపు తీసింది.

"నడుము నలభై ఆరు!" వీధిలోకి వినబడేలా అరిచింది. "ఛాతీ నలభై ఎనిమిది! ఎత్తు ఐదడుగుల లోపే! రాసుకో!"

కాజాల పెద్దావిడ తెల్లబోయింది. ఇన్నేళ్ళలో ఆ గొంతు ఎన్నడూ వినలేదు. అయినా పుస్తకం తీసి రాసుకుంది.

ఎవరూ నవ్వలేదు. అక్కడున్న పొట్టివాళ్ళూ బొద్దువాళ్ళూ తలలు దించుకున్నారు.  మేడమ్ చేతులు దించలేదు. టేపుకి అందేలా అలాగే ఎత్తి పట్టుకుంది.

ఆమె చివరి కొలత కూడా అరిచి చెప్పి, టేపు మెడలో వేసుకుంది.

"ఎవరి పేరు మీద రాయను?" అనడిగింది పెద్దావిడ మెల్లగా.

"పేరెందుకు," అంది ఆమె మేడమ్ కళ్ళల్లోకి సూటిగా చూస్తూ, "నన్ను కన్న తల్లి అని రాయి."